అబ్రాహాము పంక్తిలో పల్నాడు



1849లో ఒక లూథరన్ మిషనరీ గుంటూరు వదిలి గురజాల వచ్చి కాపురం పెట్టాడు. పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, అమెరికా వెళ్ళి స్థిరపడి, అక్కడి సంఘం పంపగా 1842 జూలై 31న గుంటూరు చేరినవాడు. పల్నాటికి మారేనాటికి యాభై దాటిన మనిషి. ఆయనతోపాటు, ఆయన వెనక వచ్చిన వారితోపాటు ఈ రాతి నేలకు కొన్ని పేర్లు నడిచొచ్చాయి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, మోషే, దావీదు, రూతు, ఎస్తేరు. ఆ పేర్లు ముందు మాలపల్లెల్లో వినపడ్డాయి, తర్వాత మాదిగపల్లెల్లో. ఇవాళ మాచర్ల బస్టాండులో నిలబడి అబ్రహామూ అని గట్టిగా పిలిస్తే ఇద్దరు ముగ్గురైనా తిరిగి చూస్తారు.

ఆ పేర్లు ఎవరి తాత ముత్తాతలవి? మన పిల్లలకు పెట్టుకునే హక్కు మనకు ఎలా వచ్చింది?

ఇది తేలిక ప్రశ్న కాదు. బైబిల్లో దేవుడు చేసిన నిబంధనలను వరసగా చూడండి. అబ్రాహాముతో చేసింది అతనితోనూ అతని సంతానంతోనూ. సీనాయి కొండ దగ్గర చేసింది ఐగుప్తు వెట్టిచాకిరి నుంచి బయటపడ్డ జనంతో. దావీదుతో చేసింది అతని వంశంతో. క్రైస్తవులం మాదని చెప్పుకునే కొత్త నిబంధన ఉందే, దాన్ని మొదట పలికిన యిర్మీయా ముప్పై ఒకటో అధ్యాయం తీసి చూస్తే, అది ఇశ్రాయేలు ఇంటివారితోనూ యూదా ఇంటివారితోనూ అని స్పష్టంగా ఉంటుంది. ఆ చిరునామాలో గురజాల లేదు, నరసరావుపేట లేదు. రోము, కొరింథు కూడా లేవు. మరి మనం లోపలికి ఎలా వచ్చాం? మనం వచ్చాక, ముందు నుంచీ ఉన్నవాళ్ళు ఏమయ్యారు?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. వాళ్ళ పంక్తిలో మనకు చోటిచ్చి కూర్చోబెట్టారు. వాళ్ళను లేపి మనల్ని కూర్చోబెట్టలేదు. మనం వాళ్ళలా వేషం మార్చుకుని రావాలని కూడా అడగలేదు.

మొదట అబ్రాహాము దగ్గరికే వెళ్దాం. ఆదికాండం పదిహేనో అధ్యాయంలో అతను దేవుణ్ణి నమ్మాడు, ఆ నమ్మకమే అతనికి నీతిగా లెక్కకు వచ్చింది. సున్నతి సంగతి వచ్చేది పదిహేడో అధ్యాయంలో. మధ్యలో పదహారో అధ్యాయంలో ఇష్మాయేలు పుట్టేనాటికి అబ్రాహాముకు 86 ఏళ్ళు. సున్నతి నాటికి 99. అంటే నమ్మకానికీ గుర్తుకీ మధ్య కనీసం పదమూడేళ్ళు గడిచాయి. ఆ పదమూడేళ్ళూ అతను ఎవరు? సున్నతి లేని మనిషి, ఊరు వదిలి గుడారాల్లో బతుకుతున్న పరదేశి. రోమీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు పట్టుకున్నది ఈ వరసనే. సున్నతి పొందిన వారికి తండ్రి కాకముందే అబ్రాహాము సున్నతి లేని వారికి తండ్రి కాగల స్థితిలో ఉన్నాడని ఆయన వాదన. వాగ్దానం మొదలైన చోటే భూమ్మీది వంశాలన్నిటికీ అతని ద్వారా ఆశీర్వాదం అన్న మాట ఉండనే ఉంది.

పాత నిబంధన అంటే ఒక్క జాతి కథే అనుకునేవారు నోవహును మరిచిపోతారు. ఆకాశంలో ధనుస్సు గుర్తుగా చేసిన ఆ నిబంధన అబ్రాహాము కంటే ముందుది. అది మనుషులతోనే కాక ప్రాణమున్న ప్రతిదానితోనూ చేసింది. యూదు గురువులు దీన్ని ఆధారం చేసుకునే, అన్యజనులకు ఏడు ఆజ్ఞలు చాలన్నారు. అన్యజనుల్లో నీతిమంతులైన వారికి రాబోయే లోకంలో పాలుందని వారి సంప్రదాయం చెబుతుంది. తమ మతంలోకి రమ్మని యూదులు ఊరూరా తిరిగి అడగకపోవడానికి ఇదీ ఒక కారణమే. ఇక మోయాబు నుంచి వచ్చిన రూతు, అత్త చెయ్యి వదలకుండా బేత్లెహేము చేరి, పొలంలో పరిగె ఏరుకుని, చివరికి దావీదు రాజుకు ముత్తవ్వ అయింది. యెషయా పంతొమ్మిదో అధ్యాయం చివర చూడండి. ఇశ్రాయేలును బానిసగా వాడుకున్న ఐగుప్తునూ, చెరలోకి ఈడ్చుకుపోయిన అష్షూరునూ ఇశ్రాయేలు పక్కనే నిలబెట్టి ప్రవక్త ముగ్గురికీ కలిపి ఆశీర్వాదం పలుకుతాడు. శత్రువు పేరు చెరపలేదు, తన జనం పేరూ చెరపలేదు. నాకు బైబిల్ మొత్తంలో అంత ధైర్యమైన చోటు మరొకటి తోచదు.

ఇంతవరకూ వాగ్దానం. ఇక ఆచరణ దగ్గర పేచీ ఎక్కడ వచ్చిందో చూద్దాం. అది పల్నాటివాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేని చోట వచ్చింది. కూటి దగ్గర.

సిరియాలో అంతియొకయ అనే పట్నం. అక్కడ యేసును నమ్మిన యూదులూ అన్యజనులూ కలిసి భోంచేస్తున్నారు. పేతురు వచ్చాడు, తనూ వాళ్ళతో కూర్చుని తిన్నాడు. ఇంతలో యెరూషలేము నుంచి, అక్కడి సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చారు. పేతురు మెల్లగా వెనక్కి జరిగాడు. వేరే పంక్తిలోకి వెళ్ళాడు. అతన్ని చూసి మిగతా యూదులూ లేచారు, చివరికి బర్నబా కూడా. అప్పుడు పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఇదంతా ఉంది. పౌలుకు కోపం తెప్పించింది సిద్ధాంతంలో పొరపాటు కాదు, పేతురు సిద్ధాంతం సరిగానే ఉంది. విస్తరి ముందు నుంచి లేవడమే సువార్తను కాదనడమని పౌలు అన్నాడు.

పన్నెండో శతాబ్దంలో పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడు. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తినాలన్నాడు. మాల కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనకు పెద్దను చేశాడు. మాచర్ల చెన్నకేశవుడి భక్తుడైన ఆయన వైష్ణవంలో ఆ సాహసానికి బలం వెతుక్కున్నాడు. కారెంపూడిలో వీరుల ఉత్సవాలప్పుడు ఇప్పటికీ ఏటా చాపకూడు వడ్డిస్తారు. ఒక నేల మీద వందల ఏళ్ళుగా ఈ జ్ఞాపకం ఉందంటే, అంతియొకయలో పేతురు వెనక్కి జరిగిన ఆ నాలుగడుగుల బరువు ఈ నేలకు తెలిసినంతగా చాలా దేశాలకు తెలియదని నా నమ్మకం.

మళ్ళీ పౌలు కాలానికి వద్దాం. అప్పటి యెరూషలేము ఆలయంలో అన్యజనులు ఒక ఆవరణ వరకే రావచ్చు. దాని తర్వాత అడ్డుగోడ. అది దాటితే ప్రాణం పోతుందని గ్రీకు భాషలో చెక్కిన హెచ్చరిక రాయి 1871లో దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం అడ్డుగోడ కూలిందని చెప్పినప్పుడు చదివేవారి కళ్ళ ముందు కదిలింది అలాంటి రాయే అయ్యుండాలి. క్రీస్తు శకం 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలు కూడి ఈ సంగతి తేల్చారు. అన్యజనులు సున్నతి పొందనక్కర్లేదు, మోషే ధర్మశాస్త్రమంతా మొయ్యనక్కర్లేదు. విగ్రహాలకు పెట్టినది, గొంతు పిసికి చంపినది, రక్తం, జారత్వం, ఈ నాలుగూ మానితే చాలన్నారు. గమనించండి, ఆ నాలుగింట్లో మూడు తిండికి సంబంధించినవే. ఒకే పంక్తిలో కూర్చోవడానికి యూదుడికి అడ్డుపడేవి అవి. అన్యజనులు యూదులు కానవసరం లేదు, కానీ యూదుడు పక్కన కూర్చుని తినగలిగేలా ఉండాలి. ఇద్దరికీ మర్యాద దక్కిన తీర్పు అది.

ఇదే తీర్పు తెలుగునేల మీద మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు జాన్ ఎవరెట్ క్లౌ దగ్గరికి మొదట పైకులాల పెద్దమనుషులు కొందరు ఆసక్తిగా వస్తుండేవారు. ఇంతలో తోళ్ళపని చేసే యెర్రగుంట్ల పేరయ్య, ఆయన వెంట మాదిగలు నమ్మి వచ్చారు. వాళ్ళను చేర్చుకుంటే మేం రామని పెద్దమనుషులు తేల్చి చెప్పారు. క్లౌ దంపతులు వేరువేరు గదుల్లో, ఒకరికి తెలియకుండా ఒకరు, బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, గొప్పవారిని కాక లోకం తక్కువగా చూసినవారిని దేవుడు ఎంచుకున్నాడన్న చోటే తగిలిందని క్లౌ తర్వాత చెప్పుకున్నాడు. మాదిగలను చేర్చుకున్నాడు. కరువు కాలం గడిచాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఒంగోలు క్షేత్రాన్ని పంచినప్పుడే, 1883లో, నరసరావుపేట, వినుకొండ వేరు క్షేత్రాలయ్యాయి. ఈ జిల్లాలో బాప్టిస్టు సంఘాలకు మూలం అక్కడుంది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు బాధగా ఉంది, అయినా చెప్పకుండా దాటలేను. లూథరన్ సంఘంలోకి ఎక్కువగా మాలలు, బాప్టిస్టు సంఘంలోకి ఎక్కువగా మాదిగలు వచ్చారు. ఊరు గీసిన గీత గుడి గీతగా మారింది. ఒకే అబ్రాహామును తండ్రీ అని పిలిచే రెండు పల్లెల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఇప్పటికీ అరుదు. రెండు గుళ్ళు, రెండు సమాధుల దొడ్లు. మనల్ని పంక్తిలోకి పిలిచినవాడు మన కులం అడగలేదు. మనం మాత్రం పక్కవాడిది అడుగుతున్నాం. ఇశ్రాయేలుకూ అన్యజనులకూ మధ్య గోడ కూలిందని పులకించిపోతూ పాడే సంఘం, రెండు వీధుల అవతల తన సొంత గోడను ఎందుకు చూడలేకపోతోంది? ఈ ప్రశ్న లూథరన్ అయ్యగార్లకూ వర్తిస్తుంది, బాప్టిస్టు పాస్టర్లకూ వర్తిస్తుంది.

ఇప్పుడు రోము దగ్గరికి వద్దాం. క్లౌదియ చక్రవర్తి 49 ప్రాంతంలో యూదులను రోము నుంచి వెళ్ళగొట్టాడు. అకుల, ప్రిస్కిల్ల అలా వచ్చి కొరింథులో పౌలుకు తారసపడ్డవారే. 54లో చక్రవర్తి చనిపోయాక యూదులు తిరిగి రావడం మొదలుపెట్టారు. ఈ నడుమ రోము సంఘం అన్యజనుల చేతుల్లో పెరిగింది. ఇల్లు కట్టినవాళ్ళు తిరిగొచ్చేసరికి అద్దెకున్నవాళ్ళే యజమానుల్లా మాట్లాడుతున్నారన్నమాట. దేవుడు వాళ్ళను వదిలేశాడు, ఇక మేమే అన్న ధోరణి. పౌలు 57 ప్రాంతంలో ఆ సంఘానికి ఉత్తరం రాస్తూ పదకొండో అధ్యాయంలో ఒలీవ చెట్టు ఎత్తుకున్నాడు.

బత్తాయి తోట వేసే రైతుకు ఇది బాగా అర్థమవుతుంది. రంగపూర్ నిమ్మలాంటి మొండి మొక్కను వేరుగా పెట్టి, దాని మీద మంచి బత్తాయి కన్ను కడతారు. వేరు నాటుది, కొమ్మ మేలుది. పౌలు చెప్పింది దీనికి సరిగ్గా తలకిందులు. వేరు మేలుది, సాగులో ఉన్న ఒలీవది. దానికి అడవి కొమ్మను తెచ్చి అంటుకట్టారు. ఇది స్వభావానికి విరుద్ధమని పౌలే ఒప్పుకుంటాడు. ఏ రైతూ చెయ్యని పని దేవుడు చేశాడని చెప్పడమే ఆయన ఉద్దేశం. అడవి కొమ్మ తన గొప్పదనం వల్ల ఆ చెట్టు ఎక్కలేదు. వేరును అది మొయ్యడం లేదు, వేరు దాన్ని మోస్తోంది. విరిగిన కొమ్మలను చూసి విర్రవీగితే అదే గతి దానికీ పట్టవచ్చు. పైగా విరిగిన కొమ్మలను మళ్ళీ తమ సొంత చెట్టుకు కట్టడం దేవుడికి ఇంకా సులువు. దేవుడు ఇచ్చిన పిలుపును వెనక్కి తీసుకోడన్న తీర్మానంతో ఆ వాదన ముగుస్తుంది.

ఈ ఒక్క అధ్యాయాన్ని చదవకుండా పక్కన పెట్టినందుకు క్రైస్తవ లోకం యూదుల చేత చెల్లింపజేసిన మూల్యం ఘోరమైనది. మార్టిన్ లూథరు అంతటివాడు 1543లో యూదుల మీద రాసిన పుస్తకంలో వాళ్ళ సమాజ మందిరాలు తగలబెట్టమన్నాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత నాజీలు ఆ రాతలను వాడుకున్నారు. అరవై లక్షల మంది యూదులను చంపారు. ఆ బూడిద చూశాకగానీ సంఘాలకు రోమా పత్రిక పదకొండో అధ్యాయం మళ్ళీ కనపడలేదు. 1965 అక్టోబరులో రెండో వాటికన్ మహాసభ, యూదులను దేవుడు తోసేసినట్టు చెప్పకూడదని ప్రకటించింది. హయ్యరును పంపిన సంఘానికి వారసత్వంగా నిలిచిన అమెరికా లూథరన్ సంఘం 1994లో లూథరు ఆ రాతలను తిరస్కరించి, యూదులకు తన దుఃఖం తెలియజేసింది. గురజాలలో, రెంటచింతలలో లూథరు పేరున్న గుడికి వెళ్ళేవారికి ఈ తిరస్కారం సంగతి తెలియాలి. లూథరు మనకిచ్చిన మంచిని దాచుకోవడానికి అతని పాపాన్ని దాచనక్కర్లేదు.

ఒక అంచు ఇది, ఇశ్రాయేలును లేపేసి మనం కూర్చోవడం. రెండో అంచు మనమే ఇశ్రాయేలు అయిపోవడం. దానికి మన పక్కనే ఒక నిజమైన కథ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని పదుల మాదిగ కుటుంబాలు తాము బెనె ఎఫ్రాయిము అని చెప్పుకుంటాయి. క్రీస్తు పూర్వం 722 ప్రాంతంలో అష్షూరు రాజు ఉత్తర ఇశ్రాయేలును కూల్చి చెదరగొట్టిన గోత్రాల్లో ఎఫ్రాయిము ఒకటి, తాము ఆ గోత్రం వారసులమని వారి విశ్వాసం. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ముందు నడిచారు. షమూయేల్ అంతకుముందు క్రైస్తవ బోధకుడు, 1980ల్లో యెరూషలేము చూసి వచ్చాడు. 1991లో కొత్తరెడ్డిపాలెంలో సమాజ మందిరం వెలిసింది. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, పిల్లలకు హెబ్రీ అక్షరాలు నేర్పుతారు. గొడ్డుమాంసం తినడం, శవాన్ని పూడ్చడం లాంటి మాదిగల పాత ఆచారాల్లోనే ఇశ్రాయేలు జాడలు చూసుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వారి మధ్య గడిపి 2013లో ఒక పుస్తకమే వేశారు. మణిపూర్, మిజోరం ప్రాంతాల బ్నెయ్ మెనషేకు 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల్లో ఒకరు గుర్తింపునిచ్చారు. కొత్తరెడ్డిపాలెం వారికి అలాంటిది దక్కలేదు.

వారి వంశవృక్షాన్ని నేను తూచను, అది నా పని కాదు. ఏ ఆచారాలను ఎత్తిచూపి ఊరు వారిని దూరం పెట్టిందో, ఆ ఆచారాలనే ఒక ప్రాచీన జాతి గౌరవచిహ్నాలుగా వారు తలకెత్తుకున్నారు. చుండూరులో దళితుల ఊచకోత జరిగింది కూడా అదే 1991లో, అదే గుంటూరు జిల్లాలో. అలాంటి నేల మీద, నీకు మూలం లేదని తరతరాలుగా విన్న మనిషి తనకొక మూలం వెతుక్కుంటే నేనేమీ వేలెత్తి చూపలేను. యూదు ధర్మంలోకి రూతులా మనసారా వెళ్ళేవారి దారినీ గౌరవిస్తాను. కానీ నా తోటి క్రైస్తవులకు ఒక మాట చెప్పాలి. ఇటీవల మన గుళ్ళలో కూడా షోఫారు కొమ్ము ఊదడం, యూదు ప్రార్థనా శాలువా కప్పుకోవడం, మేమే అసలు ఇశ్రాయేలీయులమని చెప్పడం కనిపిస్తోంది. అన్యజనులు అన్యజనులుగానే రావచ్చని యెరూషలేము పెద్దలు తేల్చిన తీర్పును ఇది చల్లగా రద్దు చేస్తుంది. మాచర్ల మనిషి మాచర్ల మనిషిగానే, తన తెలుగుతో, తన జొన్నకూడుతో, తన అమ్మమ్మ పాడిన పాటతో ఆ పంక్తిలో కూర్చోవచ్చు. వాగ్దానంలోని వైభవమే అది.

నేటి ఇశ్రాయేలు దేశం గురించి శ్రోతలు అడుగుతారని తెలుసు. 1948లో ఏర్పడ్డ ఆ దేశం జెండాను గుడి గోడకు కట్టుకున్నంత మాత్రాన రోమా పత్రిక పదకొండో అధ్యాయం నెరవేరదు. తమ రాజులను ఆమోసు, యెషయా, యిర్మీయా నిలదీసినంత కఠినంగా ఎవరు నిలదీశారు? దేవుడు ఎన్నుకున్న జనం కాబట్టి వారి పాలకులు చేసేదంతా ఒప్పేనని ఆ ప్రవక్తలు ఎక్కడా అనలేదు. పాలకుల మీద కోపంతో యూదులందరినీ ద్వేషించడమూ అంతే తప్పు. మన రాష్ట్ర ప్రభుత్వం యెరూషలేము యాత్రకు సాయం ఇస్తూ వచ్చింది. 2019లో ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి దాన్ని 60,000 రూపాయలకు పెంచారు. వెళ్ళేవారికి నా మనవి ఒకటే. బేత్లెహేములో, నజరేతులో అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళూ మనలాగే చెట్టుకు అంటుకట్టిన కొమ్మలే. రాళ్ళను ఫొటోలు తీసుకుని వచ్చేయకుండా ఒక్క ఆదివారం వాళ్ళ గుడిలో కూర్చోండి. నాజీలు చంపిన యూదుల జ్ఞాపకార్థం ఉన్న యాద్ వషేమ్ స్మారకానికీ వెళ్ళండి. రెండూ చూసిన మనిషి తిరిగొచ్చి ప్రార్థన చేస్తే అందులో తొందరపాటు తీర్పు ఉండదు.

చివరగా, మంచి శుక్రవారం మన గుళ్ళలో మధ్యాహ్నం నుంచి మూడు గంటలు ఏడు మాటల మీద ప్రసంగాలు నడుస్తాయి. ఒక్కో మాటకు ఒక్కో ప్రసంగీకుడు. ఎండలో పిల్లలతో వచ్చి కూర్చుంటారు జనం. అక్కడ యూదులు యేసును చంపారు అన్న మాట ఎన్నిసార్లు దొర్లుతుందో ఆ ప్రసంగీకులు ఈ ఏడు ఒకసారి గమనించుకోవాలి. ఆయన యూదుడు, ఆయన తల్లి యూదురాలు, శిలువ దగ్గర ఏడ్చిన ఆడవాళ్ళు యూదులు. తీర్పు మీద చేవ్రాలు పొంతి పిలాతుది, మేకులు కొట్టింది రోమా సైనికులు. వాళ్ళు అన్యజనులు, అంటే మనవైపువాళ్ళు. ఆయన ప్రాణం విడిచాక, ఈయన నిజంగా దేవుని కుమారుడని అన్న శతాధిపతి కూడా మనవైపువాడే. మొదటి మాటలో ఆయన క్షమించమని తండ్రిని వేడుకున్నప్పుడు చేతుల్లో సుత్తి పట్టుకున్నది ఎవరో చెప్పి, ఆ తర్వాత ప్రసంగం మొదలుపెట్టండి.